తనను తాను దొంగిలించలేని మనిషి

నాటకం అనగానే మనలో చాలామందికి ముందుగా జ్ఞాపకం వచ్చేది హరిశ్చంద్ర. కాశీ వీధిలో నిలబడి భార్యనూ బిడ్డనూ అమ్మి, చివరికి తననే అమ్ముకున్న మహారాజు. మా అమ్మమ్మగారి ఊళ్లో తిరునాళ్లకు ఆ నాటకం ఆడేవారు. చంద్రమతిని అమ్మకానికి పెట్టే చోట మా అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చేది. తెల్లవారుజామున ఇంటికొచ్చి, పశువుల పాకలో పడుకున్న పాలేరును లేపి పాలు పితకమనేది. వెనకాల మేం నిద్రకళ్లతో నడిచేవాళ్లం.

ఈ వేళ నేను చెప్పబోయేదీ ఒక బానిస నాటకమే. అయితే మనది కాదు, అమెరికాది. మా ఆడపడుచు కూతురు అక్కడ చదువుకుంటోంది. కిందటేడు సెలవులకు వస్తూ నాకొక పుస్తకం తెచ్చింది. "అత్తయ్యా, నువ్వు రేడియోలో మాట్లాడుతుంటావుగా, ఇది చదువు" అని చేతిలో పెట్టింది. పదో తరగతితో చదువాపేసినదాన్ని, నిఘంటువు పక్కన పెట్టుకుని మధ్యాహ్నాల పూట నెలా పదిహేను రోజులు చదివాను. అర్థం కాని చోట మా పెద్దమ్మాయిని విసిగించాను. రంగస్థలం మీద చూసే యోగం నాకు లేదు కనుక, చదివినంతవరకే చెబుతాను.

నాటకం పేరు 'ఫాదర్ కమ్స్ హోమ్ ఫ్రమ్ ది వార్స్'. నాన్న యుద్ధాల నుంచి ఇంటికి వస్తున్నాడు అని చెప్పుకోవచ్చు. రాసినావిడ సుజాన్-లోరీ పార్క్స్ అనే నల్లజాతి రచయిత్రి. తండ్రి సైన్యంలో ఆఫీసరు. నాటక రచనకు ఇచ్చే పులిట్జర్ బహుమతిని 2002లో ఇంకో నాటకానికి అందుకుంది. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి స్త్రీ ఆవిడే. ఈ నాటకాన్ని 2014లో న్యూయార్క్‌లోని పబ్లిక్ థియేటర్లో ఆడారు. ఇందులో మూడు భాగాలున్నాయి. మూడూ అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో జరుగుతాయి.

ఆ యుద్ధం సంగతి రెండు మాటల్లో చెబుతాను. 1860 జనాభా లెక్కల నాటికి అమెరికాలో దాదాపు నలభై లక్షల మంది బానిసలున్నారు. దక్షిణాదిన ప్రత్తి తోటలన్నీ వాళ్ల రెక్కల మీదే నడిచేవి. బానిసత్వానికి ఎసరొస్తుందన్న భయంతో పదకొండు దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతామన్నాయి. 1861లో యుద్ధం మొదలైంది. దక్షిణాది రేవులను ఉత్తరాది ఓడలు దిగ్బంధం చేసేసరికి ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కరువొచ్చింది. అప్పుడు వాళ్ల కళ్లు మన దేశం మీద పడ్డాయి. మన గుంటూరు సీమ ప్రత్తికి గిరాకీ పెరిగి, కాకినాడ రేవు ఆ రోజుల్లోనే పుంజుకుంది. అక్కడి నుంచి వెళ్లిన ప్రత్తికి మార్కెట్లో 'కోకనాడ' అనే పేరే స్థిరపడింది. ఎక్కడి యుద్ధం, ఎక్కడి కాకినాడ చూడండి!

ఇక కథలోకి వద్దాం. 1862 వసంతకాలం. టెక్సాస్ పడమటి కొసన ఒక చిన్న తోట. దాని యజమాని కర్నల్ హోదాలో దక్షిణాది తరఫున యుద్ధానికి బయలుదేరుతున్నాడు. వంటకూ, గుర్రం చూసుకోవడానికీ, బట్టలు ఉతకడానికీ ఒక బానిసను వెంట తీసుకెళ్లాలి. ఆ బానిస పేరు హీరో. "నువ్వు నాతో వచ్చి నమ్మకంగా ఉంటే తిరిగొచ్చాక నీకు స్వేచ్ఛ ఇస్తాను" అని యజమాని మాటిచ్చాడు. ఎవరి స్వేచ్ఛకు అడ్డంపడి యుద్ధం చేస్తున్నారో, ఆ మనిషికే స్వేచ్ఛ ఇస్తానని ఆశ చూపి ఆ యుద్ధానికి తీసుకుపోవడం! అట్లాంటి బానిసలు వేలమంది నిజంగానే దక్షిణాది సైన్యం వెంట నడిచారు. వాళ్ల చేతికి గరిటె ఇచ్చారు, పార ఇచ్చారు. తుపాకి ఇచ్చే చట్టం మాత్రం 1865 మార్చి దాకా చెయ్యలేదు. ఏప్రిల్లో దక్షిణాది ప్రధాన సైన్యమే లొంగిపోయింది.

తెల్లవారేలోగా హీరో తేల్చుకోవాలి. వెళ్తాడా వెళ్లడా అని తోటి బానిసలు తమ దగ్గరున్న చిన్నా చితకా వస్తువులు పందెం కాస్తుంటారు. హీరో భార్య పెన్నీ వెళ్లొద్దంటుంది. పెంచిన తండ్రిలాంటి ముసలాయన ఉన్నాడు. వెళ్లకుండా తప్పించుకోవాలంటే కాలో చెయ్యో పోగొట్టుకోవడం ఒక్కటే దారి అనే దాకా వస్తుంది మాట. అక్కడే ఇంకొక మనిషి ఉన్నాడు, హోమర్ అని. అతనికి ఒక పాదం లేదు. పారిపోబోయి దొరికిపోతే యజమాని ఆ పాదం నరికించాడు. నరికింది ఎవరనుకున్నారు? హీరోయే. యజమాని చెయ్యమన్నాడు, చేశాడు. అంతకంటే ఘోరం తరువాత బయటపడుతుంది. హోమర్ ఎక్కడ దాక్కున్నాడో చెప్పింది కూడా హీరోనే. చెబితే స్వేచ్ఛ ఇస్తానన్నాడు యజమాని. చెప్పాడు. స్వేచ్ఛ రాలేదు.

అంటే ఒకసారి మాట తప్పిన మనిషి మాటనే నమ్మి రెండోసారి బయలుదేరుతున్నాడు హీరో. ఇక్కడ నాకు పుస్తకం మూసెయ్యాలనిపించింది. "ఇంత తెలివితక్కువవాడేమిటే!" అన్నాను మా అమ్మాయితో. "అమ్మా, అతనికి ఇంకెవరి మాట ఉందే నమ్మడానికి?" అంది అది. నిజమే మరి. కోర్టు లేదు, కాగితం లేదు, చదువు నేర్పితే నేరమన్న రాష్ట్రాలు కూడా ఉండేవి. యజమాని నోటిమాట తప్ప ఇంకో సాక్ష్యం లేని బతుకు.

రెండో భాగం నాకు అన్నిటికంటే నచ్చింది. అడవిలో ముగ్గురే మనుషులు. కర్నల్, హీరో, కర్రలతో చేసిన బోనులో గాయపడ్డ ఉత్తరాది సైనికుడు స్మిత్. హీరో ఖరీదు ఎంతుంటుందో ఊహించి చెప్పమని కర్నల్ స్మిత్‌ను ఆట పట్టిస్తాడు, మనం సంతలో గేదెను చూపించి అడిగినట్టు. హీరో పక్కనే ఉంటాడు. కర్నల్ అటు వెళ్లాక స్మిత్ అసలు సంగతి బయటపెడతాడు. అతను తెల్లవాడు కాదు. రంగు తక్కువైన నల్లవాడు. కాన్సస్ నల్లవారి పటాలంలో మామూలు సిపాయి. తన తెల్ల కెప్టెన్ కోటు తొడుక్కున్నాడు, కర్నల్ అతన్నే కెప్టెన్ అనుకున్నాడు. ఆ పటాలం కల్పన కాదు సుమండీ. 1862 ఆగస్టులో సైనికులను చేర్చుకోవడం మొదలెట్టారు. అక్టోబరు నెలాఖరులో మిస్సోరీలోని ఐలండ్ మౌండ్ దగ్గర యుద్ధం చేశారు. ఆ యుద్ధంలో నల్లవారి పటాలం చేసిన మొదటి పోరాటం అదేనని చెబుతారు.

బోను తలుపు తెరిచి స్మిత్‌ను వదిలేస్తాడు హీరో. నువ్వు కూడా రా అంటాడు స్మిత్. హీరో వెళ్లడు. ఎందుకు వెళ్లడంటే, పారిపోతే అది దొంగతనమట! తాను యజమాని సొత్తు. యజమాని సొత్తును యజమానికి తెలియకుండా తీసుకుపోతే దొంగతనం కాక ఏమిటి అంటాడు. తనను తాను దొంగిలించడం అతనికి చేతకాదు. ఇంకొక భయం కూడా ఉంది. ఇప్పుడు తనకు ఒక ధర ఉంది. రేపు స్వేచ్ఛ వచ్చాక తన ధర ఎంత? దారిలో గస్తీవాళ్లు పట్టుకుంటే ఇప్పుడు నేను ఫలానా కర్నల్ మనిషినని చెప్పుకుంటాడు, వదిలేస్తారు. రేపు నేను నా మనిషినే అంటే ఊరుకుంటారా?

హీరోను వెర్రివాడని నేను తీసిపారేశానని చెప్పాను కదా. కానీ ఆ రోజుల్లో ప్రభుత్వాలూ చట్టాలూ కూడా అచ్చంగా హీరోలాగే ఆలోచించాయని తరువాత చరిత్ర చదివితే తెలిసింది. యుద్ధం మొదలైన నెలన్నరకే, 1861 మే నెలలో, వర్జీనియాలో ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవ వేసుకుని ఉత్తరాది వారి మన్రో కోటకు వెళ్లిపోయారు. ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్ వారి పేర్లు. యజమాని వాళ్లను దక్షిణాది ఫిరంగుల దిబ్బ కట్టడానికి పెట్టాడు. మర్నాడు దక్షిణాది మేజరొకడు తెల్లజెండా పట్టుకుని వచ్చి, పారిపోయిన బానిసలను అప్పగించాలని చట్టం ఉంది కదా, మా సొత్తు మాకివ్వండి అన్నాడు. కోట జనరల్ బట్లర్ అసలు వృత్తిరీత్యా ప్లీడరు. ఆయనేమన్నాడంటే, మీరు మా దేశమే కాదంటున్నారు గనక మా చట్టం మీకు వర్తించదు. పైగా వీళ్లు మీ సొత్తని మీరే అంటున్నారు, ఆ సొత్తును మా మీద యుద్ధానికి వాడారు. శత్రువు యుద్ధసామగ్రిని జప్తు చేసే హక్కు నాకుంది అన్నాడు.

ఎంత గడుసు వాదం! ఆ ముగ్గురూ మనుషులు గనక స్వేచ్ఛ ఇస్తున్నానని అనలేదు సుమా. సామాను గనక జప్తు చేశానన్నాడు. 'కాంట్రాబాండు' అనే పేరు, అంటే జప్తు సరుకు అనే పేరు, ఆ తరువాత వచ్చిన వేలమందికీ నిలిచిపోయింది. ముసలివాళ్లను భుజాన వేసుకుని, పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు ఆ కోటకు నడిచి వచ్చారు. జప్తు సరుకని పిలిస్తే పిలవనీ, వెనక్కి మాత్రం పోమన్నారు.

హీరో అడిగిన ధర ప్రశ్నకు కూడా చరిత్రలో జవాబుంది. 1862 ఏప్రిల్లో వాషింగ్టన్ నగరంలో బానిసలను విడుదల చేస్తూ చట్టం చేశారు. తలకు మూడువందల డాలర్లకు మించకుండా నష్టపరిహారం ఇచ్చారు. ఎవరికి? యజమానులకు! విడుదలైన వారికి ఏమీ లేదు. దేశం విడిచి పోతామంటే మాత్రం వంద డాలర్ల దాకా ఇస్తామన్నారు. సైన్యంలో చేరిన నల్లవారి సంగతి చూడండి. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. నల్ల సిపాయికి 10, అందులో బట్టల కింద 3 కోత, చేతికొచ్చేది 7. కొన్ని పటాలాలవాళ్లు ఆ జీతమే ముట్టకుండా యుద్ధం చేశారు. 1864 జూన్‌లో గానీ దాన్ని సరిచెయ్యలేదు. ఆ యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేసిన నల్లవారు సుమారు లక్షా ఎనభై వేలమంది. స్వేచ్ఛ వచ్చాక తన ధర ఎంతని హీరో భయపడ్డాడంటే భయపడడూ!

హీరోకు భిన్నంగా, తనను తాను దొంగిలించినవాడు ఒకడున్నాడు. అతని పేరు చెప్పకపోతే ఈ ప్రసంగం వెలితిగా ఉంటుంది. నాటకంలో పాత్ర కాదు, నిజంగా బతికిన మనిషి, రాబర్ట్ స్మాల్స్. చార్లెస్టన్ రేవులో 'ప్లాంటర్' అనే దక్షిణాది ఓడను నడిపే బానిస. అతని భార్య హానా ఇంకొక యజమాని సొత్తు. ఆవిడనూ పిల్లనూ కొనుక్కోవాలంటే ఎనిమిదివందల డాలర్లు ఇమ్మన్నాడు ఆ యజమాని. పైసా పైసా కూడబెడితే వందకు మించలేదు. మనం చీటీలు కట్టినట్టు కడుతూ కూర్చుంటే ఎన్నేళ్లకు తీరాలి? 1862 మే 13 తెల్లవారుజామున, తెల్ల ఆఫీసర్లు ఒడ్డున నిద్రపోతుండగా, ఓడను కదిలించాడు. దారిలో ఇంకొక రేవు దగ్గర భార్యాపిల్లల్ని ఎక్కించుకున్నాడు. కెప్టెన్ గడ్డి టోపీ నెత్తిన పెట్టుకుని, కెప్టెన్ నిలబడే చోట అతనిలాగే నిలబడి, కోట దగ్గర ఇవ్వవలసిన కూత సంకేతం ఇచ్చి, ఫిరంగుల ఎదుటినుంచే దాటిపోయాడు. అవతల ఉత్తరాది ఓడలు కనబడగానే పక్కమీద పరిచే తెల్లదుప్పటి ఎత్తి చూపించారు. యుద్ధమయ్యాక అతను అమెరికా కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు. తన తల్లి దాసీగా పనిచేసిన ఆ పాత యజమాని ఇల్లే కొనుక్కున్నాడు.

స్మిత్ కెప్టెన్ కోటు తొడుక్కున్నాడు, స్మాల్స్ కెప్టెన్ టోపీ పెట్టుకున్నాడు. హీరో కూడా తక్కువ తినలేదు. స్మిత్ వెళ్తూ ఇచ్చిన ఉత్తరాది కోటును లోపల తొడుక్కుని, దక్షిణాది కోటు పైన వేసుకున్నాడు. రెండు సైన్యాల కోట్లు ఒకే ఒంటి మీద! పైకి కనిపించేది యజమానిదే. ఎండాకాలం అడవిలో ఆ రెండు కోట్ల ఉక్క తలచుకుంటేనే నాకు ఊపిరాడలేదు.

మూడో భాగం 1863 శరదృతువులో, మళ్లీ టెక్సాస్ తోటలో. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. హోమర్ అన్న పేరు గ్రీకుల ఆదికవిది. ఆయన కావ్యంలో ఒడీసియస్ అనే రాజు యుద్ధానికి పోయి ఇరవై ఏళ్లకు ఇల్లు చేరతాడు. భార్య పెనెలపీ అన్నేళ్లూ అతని కోసం కాచుకుని ఉంటుంది. పగలు నేసిన బట్టను రాత్రి విప్పేస్తూ, పెళ్లాడతామని వచ్చినవాళ్లను ఆపుతూ ఉంటుంది. ఈ నాటకంలో పెన్నీ ఆ పెనెలపీయే. హీరో కుక్క పేరు కూడా ఒడిసీ. అది మాట్లాడుతుంది! యజమాని చచ్చిపోయాడనీ, హీరో వస్తున్నాడనీ ఆ కుక్కే ముందొచ్చి చెబుతుంది. విశ్వాసానికి మారుపేరు కుక్క అని మనం అంటాం కదా, రచయిత్రి ఆ మాటను ఊరికే వదల్లేదు.

ఈలోగా పెన్నీ హోమర్‌తో కాపురం చేస్తోంది, కడుపుతో కూడా ఉంది. అయినా రాత్రిళ్లు హీరో కోసం ఎదురుచూస్తూనే ఉంది. మీలో కొందరికి ఇది రుచించకపోవచ్చు. నాకూ మొదట రుచించలేదు. పారిపోయి వచ్చిన కొందరు బానిసలు వాళ్ల గుడిసెలో దాక్కుని, చీకటి పడగానే ఉత్తరానికి పోదాం రండి అంటున్నారు. హీరో వచ్చాడు. పేరు మార్చుకుని వచ్చాడు, ఇప్పుడతను యులిసిస్. అందరికీ బహుమతులు తెచ్చాడు. హోమర్‌కు తెచ్చింది తెల్ల చలవరాతి పాదం! తాను నరికిన పాదానికి బదులు. జేబులో లింకన్ చేసిన విమోచన ప్రకటన కాగితం ఉంది. 1863 జనవరి 1 నుంచి తిరుగుబాటు రాష్ట్రాల్లో బానిసలందరూ స్వతంత్రులని ఆ ప్రకటన. వస్తూనే చెప్పవలసిన మొదటి మాట అది. అది చెప్పకుండా బహుమతులు పంచుతూ కూర్చున్నాడు. ఆ తరువాత తాపీగా ఇంకొక సంగతి చెప్పాడు. పెన్నీకి పిల్లలు పుట్టరు గనక వేరే భార్యను చేసుకున్నాడట, ఆవిడ వెనకాల వస్తోందట.

పెన్నీ కేకలు వెయ్యలేదు, శపించలేదు. హోమర్‌తో కలిసి, పారిపోయేవాళ్లతో కలిసి ఆ రాత్రే బయలుదేరింది. తాను ఎవరి సొత్తు, వెళ్తే దొంగతనమా కాదా అన్న లెక్కలు ఆవిడ వెయ్యలేదు. కడుపులో బిడ్డ, కుంటి మొగుడు, నడిచేది చీకట్లో. విమోచన కాగితం మాత్రం హీరో జేబులోనే ఉండిపోయింది. హీరోకు మిగిలింది కుక్క, యజమానిని పూడ్చిపెట్టే పని.

కాగితం జేబులో ఉండిపోవడం కథ కోసం పెట్టింది కాదేమో అని నా అనుమానం. టెక్సాస్‌లో నిజంగా జరిగింది కూడా అదే. ప్రకటన వచ్చిన రెండున్నరేళ్లకు, 1865 జూన్ 19న గాల్వెస్టన్ రేవులో దిగిన జనరల్ గ్రేంజర్ ఉత్తర్వు చదివిస్తే గానీ అక్కడి బానిసలకు విడుదల అమలు కాలేదు. అప్పటికి టెక్సాస్‌లో రెండున్నర లక్షల మంది బానిసలున్నారని అంచనా. ఆ ఉత్తర్వులోనే, ఉన్నచోటే నెమ్మదిగా ఉండి కూలికి పనిచేసుకొమ్మని సలహా కూడా ఉంది. ఆ జూన్ 19ని 2021 నుంచి దేశమంతటా సెలవుదినం చేశారు.

మా అమ్మమ్మగారి పాలేరు సంగతి మొదట అన్నాను. అతని తండ్రి చేసిన అప్పు కింద పదేళ్లప్పుడు మా ఇంటికొచ్చాడట. పెళ్లీ పిల్లలూ అన్నీ మా పాక పక్కనే. 'విశ్వాసం గల మనిషి' అని తాతయ్య వచ్చిన చుట్టాలందరికీ చూపించేవారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక తెల్లవారుజామున లేచి చూస్తే పాక ఖాళీ. భార్యాపిల్లలతో రాత్రికి రాత్రి వెళ్లిపోయాడు. తాళం చెవులు మాత్రం గుమ్మానికి తగిలించి వెళ్లాడు. ఇంట్లో సూది కూడా పోలేదు. అయినా అమ్మమ్మ "తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు" అంది. తాతయ్య చిట్టా తీసి అతను ఇంకా ఎంత బాకీ ఉన్నాడో కూడారు. వెట్టిచాకిరీ చెల్లదు, ఆ బాకీలు రద్దు అని 1976లోనే చట్టం వచ్చిందని నాకు ఎన్నో ఏళ్ల తరువాత తెలిసింది. తాతయ్యకు తెలియదని ఇప్పుడు అనుకోలేను. ఆయన రోజూ పేపరు చదివేవారు.

రెండేళ్లు గడిచాక, సంక్రాంతి ముందు, ఆ పాలేరు భార్య ఒకసారి మా వీధిలో కనిపించింది. ఎవరో చుట్టాలింటికి వచ్చిందట. చేతికి కొత్త గాజులు, కాళ్లకు చెప్పులు. వెనక దొడ్డి వైపు రాలేదు, వీధి గుమ్మం దగ్గరే నిలబడింది. "లోపలికి రావే, కాఫీ తాగి వెళ్దువుగాని" అంది అమ్మమ్మ. "వద్దులెండమ్మగారూ, బస్సుకి టైమైపోతోంది" అంది. ఆ తరువాత కూడా ఇద్దరూ కాసేపు అట్లాగే నిలబడి పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నారు.